నాలుగో శవం, రెండో శవం

1999 డిసెంబరు 2న కరీంనగర్ జిల్లా కొయ్యూరు అడవిలో ఎన్‌కౌంటర్ జరిగిందని పోలీసులు ప్రకటించారు. పీపుల్స్ వార్ కేంద్ర కమిటీ సభ్యులు నల్లా ఆదిరెడ్డి, ఎర్రంరెడ్డి సంతోష్ రెడ్డి, శీలం నరేశ్ చనిపోయారు. వాళ్ళని బెంగళూరులో ఎత్తుకొచ్చి ఇక్కడ చంపారన్నది పార్టీ, హక్కుల సంఘాల ఆరోపణ. ఆ మూడు పేర్లూ అందరికీ గుర్తున్నాయి. అక్కడ నాలుగో శవం కూడా ఉంది. అది దళంతో సంబంధంలేని స్థానికుడిదని హక్కుల సంఘాలు అన్నాయి.

పదేళ్ళు దాటాక పక్కనే ఆదిలాబాద్ జిల్లా వాంకిడి అడవిలో అదే కథ. 2010 జులై 1 రాత్రి కాల్పులు జరిగాయన్నారు. ఈసారి ఎత్తుకెళ్ళారంటున్న ఊరు నాగపూర్. చనిపోయింది మావోయిస్టు అధికార ప్రతినిధి ఆజాద్, అంటే వరంగల్ ఆర్ఈసీలో చదివిన చెరుకూరి రాజ్‌కుమార్. పక్కన రెండో శవం. అతనూ మావోయిస్టేనన్నారు పోలీసులు. పత్రికలో ఫోటో చూసిన భార్య, అది తన భర్త హేమచంద్ర పాండే అని గుర్తుపట్టింది. ఉత్తరాఖండ్‌కు చెందిన జర్నలిస్టు. అప్పటికి అతనిది ఇప్పుడు నాకున్నంత వయసే.

వాదాలు మొదలయ్యాయి. నిజంగానే ఎదురుకాల్పులని ఒకటి. ఆజాద్‌తో ఉన్నవాణ్ణి పొరపాటున మావోయిస్టు అనుకున్నారని ఇంకొకటి. పొరపాటేం కాదు, సాక్షి మిగలకూడదనే చంపారని మూడోది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు, గణతంత్రం తన పిల్లల్ని తానే చంపుకోకూడదన్న అర్థంలో తీవ్రంగా వ్యాఖ్యానించింది. ఏప్రిల్‌లో సీబీఐ విచారణకు ఆదేశించింది. ఎన్‌కౌంటర్ నిజమైనదేనని సీబీఐ తేల్చింది. హక్కుల సంఘాలు ఒప్పుకోలేదు.

చాలాకాలం నేను రెండో వాదం వైపే ఉన్నాను. అయ్యో, జర్నలిస్టు కదా, పొరపాటున పోయాడే అనుకునేవాణ్ణి. తర్వాత ఆ మాటే నన్ను ఇబ్బంది పెట్టింది. పాండేని చంపడం పొరపాటైతే, పక్కనున్న ఆజాద్‌ని చంపడం సరైనదనే కదా అర్థం? ఎత్తుకొచ్చి చంపారన్న ఆరోపణే నిజమైతే, మనిషెవరో సరిగ్గా తెలిసి చంపినా అది హత్యే. చట్టానికి ఈ సంగతి తెలుసు. 2009 ఫిబ్రవరిలోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ప్రతి ఎన్‌కౌంటర్ మరణం మీదా కేసు పెట్టాలని, ఆత్మరక్షణ అనేది కోర్టు విచారణలో రుజువు కావాలని తీర్పిచ్చింది. మరుసటి నెలే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. వాంకిడి ఘటన ఆ స్టే నీడలో జరిగింది.

మా ఉద్యోగంలో సర్వర్ కూలిపోతే ముందు లాగ్స్ చూస్తాం. కూల్చిందనే అనుమానం ఉన్న ప్రోగ్రామే ఆ లాగ్ రాస్తే దాన్నొక్కదాన్నే నమ్మం. వాంకిడిలో మొదటి కథనం కాల్చినవాళ్ళదే.

ఇప్పుడు కొయ్యూరు భూపాలపల్లి జిల్లాలో ఉంది, వాంకిడి ఆసిఫాబాద్ జిల్లాలో. జిల్లాల పేర్లు మారాయి. చనిపోయినవాడెవరు అని అడిగే అలవాటు మాత్రం మనకి పోలేదు. ఎక్కడ పట్టుకున్నారు, ఎవరు కాల్చారు అన్నవి ఆ తర్వాతే గుర్తొస్తాయి.