తీగచుట్ట తిరిగే తీరు

టెలిగ్రాఫు చరిత్ర అనగానే మనకు మోర్సు పేరు, ఆయన చుక్కలూ గీతలూ, 1844 మే 24న వాషింగ్టన్ నుండి బాల్టిమోరుకు వెళ్ళిన సందేశం గుర్తుకు వస్తాయి. ఆ సందేశం కోసం రెండు నగరాల నడుమ మైళ్ళకొలది తీగ పరచవలసి వచ్చిందనీ, చుట్టలో ఉన్న తీగను చెడకుండా విప్పడమే ఒక విద్య అనీ చరిత్రకారులు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతారు. నాకు మాత్రం ఆ ఒక్క వాక్యం మీదే మక్కువ.

1843 మార్చిలో అమెరికా కాంగ్రెసు మోర్సుకు 30,000 డాలర్లు మంజూరు చేసింది. సీసపు గొట్టంలో తీగలు ఇమిడ్చి భూమిలో పాతించాలన్నది ఆయన తలంపు. తవ్వకం గుత్త ఎఫ్.ఓ.జె. స్మిత్ అనే ఆయనది. అదే ఏడు మెయిన్ రాష్ట్రంలో నాగళ్ళ వ్యాపారం మీద తిరుగుతున్న ఎజ్రా కార్నెల్, స్మిత్‌ను చూడబోయేసరికి ఆయన నేలమీద మోకరిల్లి ఏదో యంత్రం బొమ్మ గీస్తూ తంటాలు పడుతున్నాడు. కార్నెల్ వడ్రంగం చేసినవాడు, మిల్లులో యంత్రాలు బాగుచేసినవాడు. సమస్య విని, పెన్సిలు తీసుకుని తన బొమ్మ తాను గీశాడు. ముందు ఒక పదునైన కర్రు, రెండున్నర అడుగుల లోతున సన్నటి చాలు కోసుకుపోతుంది. నాగలి మీదనే ఒక పెద్ద చక్రపు చుట్ట, దానికి గొట్టం చుట్టి ఉంటుంది. నాగలి కదిలేకొద్దీ చుట్ట తిరుగుతుంది, గొట్టం కర్రు వెనుకనుండి జారి చాలు అడుగున పడుకుంటుంది. తవ్వడం, పరచడం ఒకే ఊపులో అయిపోతాయి.

యంత్రం పనిచేసింది. చెడింది గొట్టంలోని తీగలు. వాటిమీది కప్పు సరిగా లేక విద్యుత్తు దారి తప్పుతోంది. పని ఆపాలి, కానీ ఎందుకు ఆపారో పత్రికలవాళ్ళకు తెలియకూడదు. మోర్సు ఈ మాట చెవిన వేయగానే, కార్నెల్ మేళ్ళు తానే పట్టుకుని, కంచరగాడిదలను అదిలించి, నాగలిని తీసుకువెళ్ళి ఒక బండరాతికి కొట్టించాడు. యంత్రం విరిగిందన్నది వార్త అయింది! తన చేతులతో చేసినదాన్ని తానే పగలగొట్టుకోవడం ఎంతటి బాధో పనివాడికే తెలుస్తుంది. మరుసటి వసంతంలో స్తంభాలు నాటి, వాటిమీద తీగ లాగారు. ఆ పనిలోనూ కార్నెల్ ఉన్నాడు. తంతి వ్యాపారంలో సంపాదించినదానితో తరువాత 1865లో విశ్వవిద్యాలయం నెలకొల్పిన కార్నెల్ ఈయనే.

ఇంతకీ చుట్ట ఎందుకు తిరగాలి? తీగచుట్టను నేలమీద పడవేసి, ఒక కొస పట్టుకుని పైకి లాగి చూడండి. విడివడే ప్రతి చుట్టుకూ తీగలో ఒక పూర్తి పురి పడుతుంది. మన దుకాణాల్లో ఇంటి వైరింగు తీగ 90 మీటర్ల చుట్టగా వస్తుంది. చుట్ట అడ్డుకొలత పాతిక సెంటీమీటర్లనుకుంటే చివరికొచ్చేసరికి వంద పైచిలుకు పురులు. ఆ పురులు ఎక్కడో ఒకచోట ముడిగా బిగుసుకుంటాయి. గోడలోని గొట్టం వంపు దగ్గర ఆ ముడి ఇరుక్కుంటే, బలంగా లాగినప్పుడు తీగమీది తొడుగు గీసుకుపోతుంది. గోడలోపల కనుక ఎవరికీ కనబడదు. ఏ వానాకాలంలోనో గోడ ముట్టుకున్నవాడికి షాకు కొట్టినప్పుడు తెలుస్తుంది. చుట్ట ఇరుసుమీద తిరిగితే పురి పడదు. చిలపలోని నూలు విప్పే మన నేతయిళ్ళలో ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. హైదరాబాదులో గాలిపటం ఎగరేసేవాడి వెనుక చరఖా పట్టుకుని నిలబడ్డ పిల్లవాడికీ తెలుసు.

మన దేశంలో తొలి తంతి తీగలు వేయించిన ఓషానెస్సీ ఈ చిక్కునే దాటవేశాడు. 1851 నాటి కలకత్తా – డైమండ్ హార్బరు మార్గంలో ఆయన వాడినది అంగుళంలో 3/8 వంతు మందం గల ఇనుప కడ్డీ. కోతులు వేలాడినా తెగదు. చుట్టకూ లొంగదు.

తిరగడం ఒక్కటే చాలదు, ఆగడమూ రావాలి. 1857 ఆగస్టులో ఐర్లండు తీరం నుండి నయాగరా అనే ఓడ అట్లాంటిక్ అడుగున కేబులు వేస్తూ బయలుదేరింది. వేల మైళ్ళ కేబులును ఇరుసు మీదికి ఎక్కించడం అసాధ్యం కనుక ఓడ గర్భంలోనే చుట్టలుగా పేర్చి, పైనున్న చక్రాల మీదుగా సముద్రంలోకి వదిలేవారు. ఆగస్టు 11 వేకువన, ఇంజనీరు కాస్త పక్కకు వెళ్ళిన సమయంలో బ్రేకు దగ్గరున్న పనివాడు దాన్ని మరీ బిగించాడు. అలకు ఓడ వెనుకభాగం పైకి లేచింది. కేబులు పుటుక్కున తెగి, ఇంచుమించు 2000 బారల లోతుకు పోయింది. అప్పటికి 300 మైళ్ళకు పైగా వేశారు. మరుసటి ఏటికి, లాగుడు మితిమీరగానే తనంత తాను సడలే బ్రేకు తయారుచేసుకున్నారు. తప్పు ఆ పనివాడి చేతిదని అన్నవాళ్ళున్నారు. అంత బరువును అతని అరచేతి అంచనాకు వదిలేసినవాళ్ళ మాటేమిటని నా ప్రశ్న.

ఈ రెండు పనులూ, తిప్పడమూ నిలపడమూ, ఇప్పటికీ ఇళ్ళు కట్టేచోట జరుగుతూనే ఉన్నాయి. అమెరికాలో ఎలక్ట్రీషియన్లు రెండు నిచ్చెనల మెట్లకు ఒక ఇనుప గొట్టం అడ్డంగా తగిలించి, దానికి నాలుగైదు తీగచుట్టలు దండలా గుచ్చి, అన్నింటి కొసలూ కలిపి ఒకేసారి లాగుతారు. అక్కడి మన మిత్రులు నేలమాళిగ పనుల్లో ఇది చూసే ఉంటారు. మన దగ్గర తీగ చాలావరకు నడుమ బొంగు లేని ఉత్త చుట్టగానే వస్తుంది కనుక గుచ్చడం కుదరదు. అందువల్ల ఒక కుర్రవాడు రెండు ముంజేతులకు చుట్ట తగిలించుకుని, తిప్పుతూ తిప్పుతూ వదులుతాడు. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ మూడు తీగలు కలిపి లాగాలంటే ముగ్గురు కుర్రవాళ్ళు కావాలి. మా వీధిలో ఇల్లు కడుతున్నప్పుడు ఒక పనివాడు ఈ ఖర్చు తప్పించుకున్న తీరు చూశాను. చెక్క పీటలో ఇనుప ఊచ నిలువుగా దిగగొట్టి, దానిమీద పాత సీలింగు ఫ్యాను బేరింగు, ఆపైన నాలుగు కర్రముక్కల శిలువ, దాని కొసలకు మేకులు. మేకుల మధ్య చుట్ట పడుకుని గిర్రున తిరుగుతుంది. అలాంటివి మూడు. మరి ఎక్కువ తిరిగితే ఎలా అని అడిగాను. ఊచకు ఒక గోనెపీలిక బిగించి కట్టి చూపించాడు.