బట్టల షాపు ఉద్యోగం: జీతం, పనిగంటలు, కూర్చునే హక్కు

చెన్నైలో త్యాగరాయనగర్ పేరు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. అక్కడి పానగల్ పార్కు పేరు పానగల్ రాజా రామరాయణింగారిది. ఇద్దరూ తెలుగువాళ్లేనని సభల్లో చెప్పుకుని సంతోషిస్తుంటాం. అదే పేటలో రంగనాథన్ వీధి, ఉస్మాన్ రోడ్డు బట్టల షాపుల్లో రోజంతా నిలబడి చీరలు పరిచి చూపించే పిల్లల్లో మన ఇళ్లవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు, చేర్పించే పెద్దలు తెలుసుకోవలసిన విషయాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

షాపులో పని తీరు

పెద్ద షాపుల్లో పనిచేసేవాళ్లు చెప్పే మాటలు ఊరు మారినా పెద్దగా మారవు. పొద్దున షట్టరు ఎత్తకముందే హాజరు కావాలి, రాత్రి చీరలన్నీ మడత పెట్టి సర్దాకే ఇంటికి. ఆలస్యంగా వస్తే జీతంలో కోత. గిరాకీ లేనప్పుడు గోడకు ఆనుకున్నా సూపర్‌వైజర్ కేకలు. ఆడి తగ్గింపు రోజుల్లో, దీపావళి ముందు వారాల్లో సెలవు మాటే ఉండదు. తిరునల్వేలి, తూత్తుకుడి వంటి దక్షిణ జిల్లాల నుండి వచ్చినవాళ్లు షాపువాళ్లు చూపిన హాస్టల్లోనే ఉంటారు. తిండి, పడక, పని అన్నీ ఒకే యజమాని చేతిలో ఉంటే నోరు విప్పడం కష్టం. వసంతబాలన్ 2010లో తీసిన ‘అంగాడి తెరు’ సినిమా ఈ బతుకు గురించినదే. తెలుగులో ‘షాపింగ్ మాల్’ పేరుతో వచ్చింది.

అన్ని షాపులూ ఇలాంటివే అనలేం. మొదటి నెల నుండే పీఎఫ్ కట్టి, వారపు సెలవు ఇచ్చి, ఏళ్ల తరబడి ఉద్యోగులను నిలుపుకున్న యజమానులూ ఉన్నారు. ఏ షాపు ఎలాంటిదో తెలియాలంటే కాగితాలు అడిగి చూడాలి.

కూర్చునే హక్కు ఎలా వచ్చింది

ఈ హక్కు కోసం ముందుగా పోరాడింది కేరళ ఆడవాళ్లు. కోళికోడ్ మిఠాయి వీధి షాపుల్లో పనిచేసేవాళ్లకు మరుగుదొడ్డి కూడా లేని స్థితిలో, కుట్టుపని చేసే విజి అనే ఆవిడ ‘పెణ్‌కూట్టు’ అనే సంఘం పెట్టి వాళ్లను కూడగట్టారు. మరుగుదొడ్డి కోసం మొదలైన ఆ పోరాటం కూర్చునే హక్కు దాకా సాగింది. 2018లో కేరళ తన షాపుల చట్టాన్ని సవరించింది. తమిళనాడు 2021 సెప్టెంబరులో 1947 నాటి షాపులు, సంస్థల చట్టానికి 22-ఏ సెక్షన్ చేర్చింది. దాని ప్రకారం ప్రతి షాపులోనూ ఉద్యోగులందరికీ తగిన ఆసనాలు ఉండాలి, పని మధ్యలో వీలు దొరికినప్పుడు వాళ్లు కూర్చోవచ్చు. అంటే బేరం లేనప్పుడు కూర్చోవడం తప్పు కాదు, స్టూలు వేయకపోవడమే తప్పు.

పనిగంటలు, సెలవులు

తమిళనాడు చట్టంలో ముఖ్యమైనవి ఇవి.

పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఓవర్‌టైమ్ కలుపుకున్నా రోజుకు 10, వారానికి 54 గంటలు దాటకూడదు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు జీతం.

వరుసగా 4 గంటలు చేశాక గంటసేపు విరామం. వారానికి ఒక రోజు సెలవు, ఆ రోజుకు జీతం కోయరాదు.

ఏడాది సర్వీసు నిండినవాళ్లకు 12 రోజుల జీతంతో కూడిన సెలవు. ఇది కాక ఏటా 12 రోజుల క్యాజువల్ లీవు, 12 రోజుల జబ్బు సెలవు.

షాపు రాత్రంతా తెరిచి ఉంచేందుకు ప్రభుత్వం అనుమతి ఇచ్చిన చోట కూడా, రాత్రి 8 దాటాక ఆడవాళ్లను పనిలో ఉంచాలంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం కావాలి.

జీతం చీటీ చదవడం

గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి గనుక ఈ లెక్క వివరంగా రాస్తున్నాను. ఉదాహరణకు జీతం 14,000 రూపాయలు అనుకుందాం. ఉద్యోగి వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,680. ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 105. చేతికి రావలసింది 12,215. యజమాని తన వాటాగా పీఎఫ్‌కు మరో 12 శాతం, ఈఎస్ఐకి 3.25 శాతం అంటే 455 కట్టాలి. ఈ యజమాని వాటాను ఉద్యోగికి ఒప్పుకున్న జీతంలోంచే కోసేస్తుంటే అది చట్టవిరుద్ధం. 20 మంది, అంతకు మించి పనిచేసే షాపుకు పీఎఫ్, ఈఎస్ఐ రెండూ వర్తిస్తాయి.

కోతలకూ హద్దు ఉంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఒక నెలలో వేసే జరిమానాలు ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. 14,000 జీతానికి అది 420 రూపాయలు. పైగా ఉద్యోగి సంజాయిషీ వినకుండా జరిమానా వేయరాదు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు అందాలి.

ఈఎస్ఐని చాలామంది చిన్నచూపు చూస్తారు. నిర్ణీత రోజుల చందా ఉన్నవాళ్లకు జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం దాని ద్వారానే వస్తుంది. చెన్నైలో కె.కె.నగర్, అయనావరం ఈఎస్ఐ ఆసుపత్రుల్లో కుటుంబానికీ వైద్యం దొరుకుతుంది.

పని మానినప్పుడు, తీసేసినప్పుడు

ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసినవాణ్ణి సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయడానికి తమిళనాడు చట్టం ఒప్పుకోదు. ఉద్యోగి తానే మానేసినా, యజమాని తీసేసినా బాకీ జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. చివరి జీతాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చిస్తే మొత్తం తేలుతుంది. 14,000 జీతంతో ఎనిమిదేళ్లు చేసినవారికి ఇది 64,615 రూపాయలు. పెళ్లికని, ప్రసవానికని ఒక మాట చెప్పి వెళ్లిపోయే ఆడపిల్లలు ఎక్కువగా వదిలేసుకునే డబ్బు ఇదే.

దాచుకోవలసిన కాగితాలు

నియామక పత్రం, ప్రతి నెలా జీతం చీటీ, పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ కార్డు, హాజరు వివరాలు. చీటీ ఇవ్వని చోట వచ్చిన వేళ, వెళ్లిన వేళ ఒక నోటుబుక్కులో ఏ రోజుకారోజు రాసుకోవాలి. పీఎఫ్ నిజంగా జమ అవుతోందో లేదో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్కు చూస్తే తెలుస్తుంది. లోటు కనబడితే పీఎఫ్ కార్యాలయానికి, జీతం, పనిగంటల విషయమైతే జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి అర్జీ పెట్టాలి.

ఇతర రాష్ట్రాల మనవాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ నియమాలు ఇవే. పనిగంటలు, సెలవులకు మాత్రం కర్ణాటకలో 1961, ఒడిశాలో 1956, మహారాష్ట్రలో 2017, యానాంలో పుదుచ్చేరి 1964 షాపుల చట్టాలు చూసుకోవాలి.

అర్జీ రాయడం రాక ఊరుకునేవాళ్లు చాలామంది. మన తెలుగు సంఘాల్లో రిటైరైన గుమాస్తాలకు, టీచర్లకు కొదవ లేదు. నెలకో ఆదివారం ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని కూర్చుంటే ఈ పిల్లల జీతం చీటీలు చూసి పెట్టగలం. ఉగాది సభకు చందా అడిగేటప్పుడు గుర్తొచ్చే ఇళ్లు ఈ పనికీ గుర్తు రావాలి.