పాత ఇనుము

సూరతు నగరమునకు యంత్రములతో పరిచయము నిన్న మొన్నటిది కాదు. పదునేడవ శతాబ్దిలో ఆ నగరమున భీమ్‌జీ పారేఖు అను వర్తకుడు ఇంగ్లీషు కంపెనీకి దళారిగా నుండెను. తమ ప్రాచీన గ్రంథములను అచ్చు వేయింపవలెనని ఆయన కోరిక. ఆ కోరికను మన్నించి కంపెనీవారు 1674లో ఒక అచ్చుయంత్రమును, హెన్రీ హిల్స్ అను ముద్రాపకుని ఏటికి 50 పౌనుల జీతము మీద బొంబాయికి పంపిరి. యంత్రము వచ్చినది, ముద్రాపకుడు వచ్చినాడు. కాని దేశభాషాక్షరములు చెక్కి పోతపోయు విద్య ఆతనికి రాదు. భీమ్‌జీ ఊరకుండక ఆ పనిని తన మనుష్యులచేతనే చేయింప బూనెను. వారు వేసిన అచ్చు కాగితములు కొన్ని చూచితిమని 1676లో కంపెనీ ఉద్యోగులు తమ లేఖలో వ్రాసిరి. ప్రయత్నము అంతకుమించి సాగలేదు. యంత్రమును తెప్పించుట ఒక పని. దాని కీలెరిగి, అరిగిన భాగమునకు బదులు భాగము చేసికొని, దానిని నిలుపుకొనుట వేరొక పని. ఈ రెండవ పనిని గురించియే ఈ వ్యాసము.

ఈ పనిని లోకములో కొందరు జీవనము కొరకు చేయుదురు, కొందరు వేడుకకై చేయుదురు. వేడుకకై చేయువారిలో విచిత్రమైనవారు పాత తోట ట్రాక్టరులను బాగుచేయువారు. తోట ట్రాక్టరనగా పెరటి దున్నకమునకును, గడ్డి కోతకును, మంచు త్రోయుటకును అమెరికా, ఇంగ్లండు దేశములలో వాడిన చిన్న యంత్రము. ఏడెనిమిది గుఱ్ఱముల బలము చాలును. దాని చరిత్ర ఘనమైనదేమియు కాదు, అయినను వినదగినది.

పశ్చిమ వర్జీనియా రాష్ట్రములోని డన్‌బార్ పట్టణమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ గ్రేవ్‌లీ అను ఫోటోగ్రాఫరు కలడు. తన పెరటి తోటను చేతి నాగలితో దున్ని దున్ని విసిగి, ఆయన ఆ నాగలికి ఒక పాత మోటారు సైకిలు భాగములను తగిలించెను. ఆ మోటారు సైకిలు మసాచుసెట్సులోని స్ప్రింగ్‌ఫీల్డున తయారైన 'ఇండియన్' రకముది. పేరు తప్ప దానికి ఇండియాతో సంబంధము లేదు. 1916లో ఆయన యంత్రమునకు పేటెంటు దొరకెను. ఇంచుమించు ఆ కాలముననే ఆస్ట్రేలియాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అను రైతుబిడ్డ, నాగలి వలె మట్టిని తిరుగవేయక, తిరుగుడు కత్తులతో మట్టిని చిలుకునట్టి సాధనమును కల్పించి 1920లో పేటెంటు పొందెను. నేడు మన పొలములలో 'రోటవేటరు' అని పిలువబడునది ఆ వంశములోనిదే.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా పట్టణముల చుట్టును ఇండ్లు విస్తరించెను. ఒక్కొక్క ఇంటికి అర యెకరమో యెకరమో గడ్డినేల. దానితో చిన్న ట్రాక్టరులకు గిరాకి పుట్టెను. ఇండియానా రాష్ట్రమున 1946లో మొదలైన వీల్‌హార్స్ సంస్థ, 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టరువారు విడుదల చేసిన కబ్ కెడెట్, 1963లో జాన్ డీర్ వారి 110 — ఇవి ఆ కాలపు ప్రసిద్ధములైన రకములు. కబ్ కెడెట్‌లోను, జాన్ డీర్‌లోను కోలర్ వారి ఇంజనే ఉండెను: పోత ఇనుపది, ఒకే సిలిండరుది, గాలితో చల్లబడునది. ఆ పోత ఇనుమే వాటికి చిరాయువు నిచ్చినది. అరువదేండ్లు కొట్టములో పడియున్న ఇంజనులో సిలిండరు అరిగినచో మరల తొలిపించి పెద్ద పిస్టను వేయవచ్చును. తరువాతి కాలమున వచ్చిన పలుచని రేకు యంత్రములకు ఆ భాగ్యము లేదు. అవి చెడినచో పారవేయవలసినవే.

బాగుచేయువాని పని పట్టు విడుపులు తెలిసినవాని పని. ఏండ్ల తరబడి తిరుగక పట్టుకొనిపోయిన పిస్టనును బలముతో త్రిప్పబోయిన, కడ్డి వంగును. అందుచే స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రము గుండ నూనె పోసి, దినములు, ఒక్కొక్కప్పుడు వారములు వేచియుండవలెను. ఆ పిమ్మట కొయ్యముక్క నానించి మెల్లగా తట్టవలెను. కార్బురేటరులో పాత పెట్రోలు జిగురుగా గడ్డకట్టును. సన్నని రంధ్రములను ఒక్కొక్కటిగా శుభ్రము చేయనిదే ఇంజను ఊపిరి తీయదు. నిప్పురవ్వ పుట్టించు పాయింట్ల నడుమ ఎడము అంగుళములో యాబదవ వంతు ఉండవలెను. తుప్పు వదలించుటకు ఒక చక్కని ఉపాయము కలదు. చాకలి సోడా కలిపిన నీటి తొట్టిలో తుప్పు పట్టిన భాగమును వ్రేలాడదీసి, దానికి బ్యాటరీ చార్జరు ఋణధ్రువమును, ప్రక్కనున్న పనికిరాని ఇనుపరేకునకు ధనధ్రువమును తగిలించినచో, రాత్రి తెల్లవారునప్పటికి తుప్పు వదులై నల్లని బురదవలె రాలిపోవును. మంచి ఇనుము చెక్కుచెదరదు. గీకుడు ఉలి చేయలేని పనిని కొంచెము విద్యుత్తు, కొంచెము ఓర్పు చేయును. తుప్పుపట్టని ఉక్కు రేకును మాత్రము ఆ తొట్టిలో వాడరాదు. అందలి క్రోమియము విషమై నీటిలో దిగును.

ఇట్టివారిలో ఒక తగవు ఏనాటినుండియో నడచుచున్నది. బాగుచేసిన ట్రాక్టరునకు కొత్త రంగు వేయవలెనా, వెలసిన పాత రంగునే ఉంచవలెనా? మొదటి పక్షమువారు అది కార్ఖానానుండి వెలువడిననాటి రూపమును కోరుదురు. రెండవ పక్షమువారు, యజమాని చేయి తగిలి తగిలి స్టీరింగు చక్రముపై రంగు అరిగిన చోటే దాని చరిత్ర అని వాదింతురు. ఈ రెండవ వాదమే బలమైనది. రంగు ఎన్నిసార్లయినను వేయవచ్చును. అరుగుదలను మరల తెచ్చుట ఎవరి తరము?

ఈ వేడుకకు మూడు వసతులు కావలెను: యంత్రమును ఉంచుటకు కొట్టము, దాని భాగముల వివరముల పుస్తకము, తీరిక. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ యంత్రము కూటికి ఆధారము కాకుండవలెను. సూరతు జిల్లాలో ఈ చివరి నియమమే నెరవేరదు. తాపీనదిపై 1950ల తొలి భాగమున కాక్రాపార్ ఆనకట్టయు, 1972లో ఉకాయ్ జలాశయమును నిర్మితములై, బార్డోలీ ప్రాంతమంతయు చెఱకు సేద్యమునకు మరలెను. 1928 సత్యాగ్రహముచే దేశమెల్ల ఎరిగిన ఆ బార్డోలీలో సహకార చక్కెర కర్మాగారము వెలసెను. చెఱకుతో పాటు ట్రాక్టరు వచ్చెను. బరోడాలో చెకోస్లొవేకియావారి జెటార్ పద్ధతిని ట్రాక్టరులు చేసిన హిందుస్తాన్ కార్ఖానా తరువాత గుజరాతు ప్రభుత్వము చేతికి వచ్చెను. 1999లో మహీంద్రా సంస్థ అందు అధిక భాగమును కొనెను. 2017లో దాని పేరు గ్రోమాక్స్ అయ్యెను. పేర్లు మారినవి గాని, ఆ పాత బండ్లు పొలములలోనే వయసు మళ్లినవి. రైతు వాటిని బాగుచేయుట ప్రదర్శనకు కాదు, రేపటి తోలకమునకు. ఒక బండి పూర్తిగా చెడినచో దాని గేరు పెట్టె వేరొక బండికిని, ఇంజను నీటిపంపునకును, చక్రములు ట్రాలీకిని చేరును. వస్తువు చచ్చును, పని బ్రతుకును. ఇదియు ఒక విధమైన పరిరక్షణమే గాని, ప్రదర్శనశాలవారు దీనిని లెక్కకు రానీయరు.

ఖంభాతు సింధుశాఖకు ఆవలి యొడ్డున సౌరాష్ట్రము కలదు. అందలి అమ్రేలీ జిల్లానుండి వేలాది రైతుబిడ్డలు వానలు లేని సేద్యమును విడిచి సూరతు వచ్చి, వరాఛా ప్రాంతపు కార్ఖానాలలో వజ్రములకు సానపట్టుచున్నారు. ఊరిలో నిలిచిన వారికి ఎద్దులను మేపుట భారమాయెను. ఆ జిల్లాకే చెందిన మన్‌సుఖ్‌భాయి జగానీ అను సామాన్యుడైన పనివాడు 1994లో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారు సైకిలు వెనుక చక్రమును తీసి, దానికి బదులు రెండు చక్రముల ఇరుసును, దానివెంట గుంటకయు గొర్రును తగిలించు దండెను అమర్చెను. ఎద్దులు లాగు పనిముట్టునకు సౌరాష్ట్రమున 'సాంతి' అని పేరు. కావున దీనికి 'బుల్లెట్ సాంతి' అని పేరు వచ్చెను. దున్నుట, విత్తుట, కలుపు తీయుట దానితో సాగును. పని తీరిన పిమ్మట వెనుక అమరికను విప్పి చక్రము బిగించినచో మరల మోటారు సైకిలు. అహమ్మదాబాదు కేంద్రముగా గ్రామీణ కల్పనలను సేకరించువారు దానిని వెలుగులోనికి తెచ్చిరి. అమెరికాలోను దానికి పేటెంటు లభించినది.

గ్రేవ్‌లీ చేసినదియు ఇదియే. ఆయన పేరునకే 'ఇండియన్' అయిన మోటారు సైకిలును నాగలిగా మార్చెను. అమ్రేలీ పనివాడు ఇంగ్లండులో పుట్టి 1955 నుండి మద్రాసులో తయారైన బుల్లెట్‌ను మార్చెను. నడుమ ఎనిమిది దశాబ్దులు. ఒకరిని గూర్చి మరియొకరు విన్నారనుటకు హేతువు లేదు. గ్రేవ్‌లీ యంత్రములను నేడు అమెరికాలో తుప్పు వదలించి, నూనె రాచి, పిల్లలకు చూపుచున్నారు. తొలినాటి సాంతులకు అట్టి ఆదరము ఎవరిచ్చెదరు? బుల్లెట్‌కు పాతబండ్ల అంగడిలో మంచి ధర పలుకును. దండెను విప్పి ఇనుపకొట్టునకు తూచి ఇచ్చి, మోటారు సైకిలును అమ్ముకొనుట యజమానికి లాభము.

ఇనుమును తూచి అమ్ముట సూరతు నగరమున మరింత పెద్ద యెత్తున జరిగినది. నగరమును పోషించిన మరమగ్గములు అనేకము నాడెతో నడచు పాతరకపువి. వాటిని నడుపుటకు ఒడిస్సా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రములనుండియు, తెలుగు దేశముననుండియు కార్మికులు వచ్చిరి. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు తరతరములుగా ఆ నగరమున స్థిరపడగా, వారి బిడ్డలకై నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడపినది. 1999లో కేంద్ర ప్రభుత్వము వస్త్ర పరిశ్రమకు కొత్త యంత్రములు కొనుటకై వడ్డీ రాయితీ నిచ్చు పథకమును ప్రారంభించెను. 2006 ఆగస్టులో ఉకాయ్ నుండి విడిచిన నీటితో తాపీ పొంగి నగరములో అధిక భాగమును ముంచినప్పుడు మగ్గముల పేటలలోను నీరు నిలిచెను. కొత్త మగ్గమునకు నాడెయే లేదు. నీటి ధారయో, కత్తివంటి కడ్డియో పేక దారమును కొనిపోవును. పాత మగ్గములు జతలు జతలుగా తూకపు అంగళ్లకు చేరినవి. వాటితో పాటు, చప్పుడు విని ఏ పన్ను అరిగినదో చెప్పగల జాబరుల విద్యకును పని తగ్గెను. ఆ విద్య ఏ పుస్తకములోను లేదు. అది వారి చెవులలో ఉన్నది.

ఇందుకు నగరమును తప్పుపట్టుట సులభము. కాని న్యాయము కాదు. ఇరుకు సందులలో అద్దెకు మగ్గములు నడుపువాడు పాత మగ్గమును ఏ గదిలో నిలుపుకొనును? సూరతు నగరము పాతవానిని బొత్తిగా మరచినదనుటయు తప్పే. పోర్చుగీసువారి దాడుల పిమ్మట పదునారవ శతాబ్దిలో ఖుదావంద్ ఖాను కట్టించిన కోటను నగరపాలక సంస్థవారు ఇటీవల ఎంతో వ్యయముతో పునరుద్ధరించిరి. 1669లో మరణించిన జార్జి ఆక్సెండెను సమాధి నేటికిని గుమ్మటముతో నిలిచియున్నది. రాతికి దొరకిన ఆదరము ఇనుమునకును కొయ్యకును దొరకలేదు, అంతే.

కొయ్య మాట వచ్చినది గనుక ఒక ఓడ కథ చెప్పవలసియున్నది. సూరతు ఓడల తయారీకి పేరుపొందిన రేవు. 1736లో ఆ నగరపు వడ్రంగి లౌజీ నసర్వాంజీ వాడియాను కంపెనీవారు బొంబాయికి రప్పించి ఓడలు కట్టించిరి. ఆయన వంశీయుడైన జంషెడ్జీ బొమన్జీ వాడియా టేకుతో కట్టిన 'ట్రింకోమలీ' అను యుద్ధనౌక 1817 అక్టోబరు 12న నీటిలో దిగినది. ఇంగ్లండులో సిందూర వృక్షపు కలప కరవైన కాలమది. యుద్ధములు మారి, ఆవిరి వచ్చి, ఆ ఓడ పనికిరానిదై, 1897లో పగులగొట్టువారికి పోవలసియుండగా, జెఫ్రీ వీట్లీ కాబ్ అను ధనికుడు దానిని కొని, 'ఫూడ్రాయంట్' అని పేరు మార్చి, బాలురకు శిక్షణ నిచ్చు నౌకగా చేసెను. అది అక్షరాల వేడుకయే; లాభము చూచుకొన్నవాడు చేయు పని కాదు. 1987లో దానిని హార్టిల్‌పూల్ రేవునకు చేర్చి, పదేండ్లకు పైగా శ్రమించి బాగుచేసిరి; నడుమ 1992లో పాత పేరును మరల పెట్టిరి. నేటికిని అది ఆ రేవున నీటిమీద తేలుచున్నది. అందలి టేకులో చాలభాగము బొంబాయి పనివారు బిగించినదే.

సూరతు తీరమునకు ఎదురుగా, అదే సింధుశాఖ పడమటి యొడ్డున, భావనగరము జిల్లాలో ఆలంగ్ అను ఊరు కలదు. 1983 నుండి లోకములోని ముసలి ఓడలు అచ్చటి ఇసుకపైకి పోటుతో ఎక్కి, ఆటుతో నిలిచి, రేకు రేకుగా విడిపోవుచున్నవి. ఆ ఓడలలోని కుర్చీలు, గొలుసులు, పింగాణి పాత్రలు, దీపములు ఆ రహదారి కిరువైపుల అంగళ్లలో అమ్మకమునకు ఉండును. చిన్న ఇంజనులను, మోటారులను, పంపులను సౌరాష్ట్రపు కమ్మరులు, రైతులు వచ్చి ఏరుకొని పోవుదురు.