గేజి మారు చోట: నమూనా రైలుమార్గముల పటముల కథ

కాణిపాకమునకు రైలుమార్గము లేదు. వరసిద్ధి వినాయకుని దర్శనమునకు రైలులో వచ్చువారు చిత్తూరులో దిగి, అచ్చటినుండి పది పన్నెండు కిలోమీటర్లు బస్సులో పోవుదురు. చిత్తూరు స్టేషనులో నేడున్న పట్టాల నడిమి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. ఒక తరము క్రిందట ఆ వెడల్పు 1000 మిల్లీమీటర్లే. కాట్పాడినుండి చిత్తూరు, పాకాల, తిరుపతి, రేణిగుంటల మీదుగా గూడూరు వరకును, పాకాలనుండి కదిరి మీదుగా ధర్మవరము వరకును 19వ శతాబ్దపు చివరి భాగమున వేసినది మీటరుగేజి మార్గము.

ఈ చిన్న మార్గము రేణిగుంటలో చెన్నపట్నమునుండి ముంబయికి పోవు బ్రాడ్‌గేజి మార్గమును కలిసెను. కలిసెనన్న మాటయే గాని, ఒక మార్గముపై వచ్చిన పెట్టె రెండవ మార్గముపై కదలజాలదు. ఇట్టి చోట్ల ప్రయాణికుడు మూట నెత్తిన పెట్టుకొని బండి మారవలెను. సరుకు బస్తాలను కూలీలు ఒక వ్యాగనునుండి దించి మరియొక వ్యాగనులోనికి ఎక్కించవలెను. కాలము పోవును, కూలి పెరుగును, చిరిగిన బస్తానుండి గింజలు రాలును. డల్హౌసీ గవర్నరు జనరలుగా ఉన్న కాలమున దేశమునకు బ్రాడ్‌గేజిని నిర్ణయించిరి. ఖర్చు తగ్గించుటకై 1870లో మేయో ప్రభువు కాలమున మీటరుగేజిని కూడ అంగీకరించిరి. ఈ రెండింటి నడుమ ఏర్పడిన అగడ్తను పూడ్చుటకు 1992లో ఏకగేజి పథకము ఆరంభమైనది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో పాకాల చుట్టునున్న మీటరుగేజి పట్టాలు కూడ మారిపోయినవి.

పోయిన మార్గమును మరల కంటితో చూడవలెనన్న నమూనా కట్టుకొనుటయే దారి. నమూనా రైలు ఆటవస్తువు మాత్రమే కాదు. అది కొలతకు కట్టిన చరిత్ర. లోకమున ఎక్కువగా వాడుకలోనున్న కొలత 1:87. ఆ లెక్కన యూరపు దేశములలోని సాధారణ గేజియైన 1435 మిల్లీమీటర్లు 16.5 మిల్లీమీటర్లగును. మన బ్రాడ్‌గేజి సుమారు 19.3 అగును. మీటరుగేజి 11.5 కావలెను గాని, యూరపు ప్రమాణమునుబట్టి దానికి 12 మిల్లీమీటర్ల పట్టా వాడుదురు.

ఒక కంపెనీ చేసిన పెట్టె మరియొక కంపెనీ పట్టాపై నడవని చిక్కు నమూనాలవారికిని తప్పలేదు. అందుచేతనే 1935లో అమెరికాలో మిల్వాకీ నగరమున జాతీయ నమూనా రైల్వే సంఘము వెలసినది. 1954లో ఇటలీలోని జెనోవాలో యూరపు సంఘముల సమాఖ్యయైన మోరోప్ ఏర్పడినది. చక్రము అంచు ఎంత ఉండవలెను, పట్టాల నడుమ ఎడము ఎంత ఉండవలెను అని ఈ సంఘములు అంకెలు నిర్ణయించినవి. అంకెలు కుదిరిన పిమ్మట భిన్న కంపెనీల బండ్లు ఒకే పట్టాపై నడిచినవి.

కాని పట్టాలు పరచుటకు ముందు పటము గీయవలెను గదా! వెనుక ఈ పని కాగితము, పెన్సిలు, వృత్తలేఖినులతో జరిగెడిది. కాగితమునకు భాషాభేదము లేదు, ఎవరైనను చదువవచ్చును. సొంత కంప్యూటర్లు ఇండ్లకు వచ్చిన పిదప ఎక్స్‌ట్రాక్‌క్యాడ్, విన్‌ట్రాక్, ఎనీరైల్, స్కార్మ్ మొదలగు ప్రోగ్రాములు ఈ పనిని చేపట్టినవి. వీనిలో ప్రతిదానికిని తన ఫైలు పద్ధతి, తన పట్టా ముక్కల జాబితా ఉన్నవి. ఒకదానిలో గీసిన పటమును మరియొకదానిలో నేరుగా తెరచుట చాల సందర్భములలో సాధ్యము కాదు. రేణిగుంటలోని పాత చిక్కు ఇచ్చట బల్లపైకి వచ్చినది.

ఈ చిక్కునకు లోతైన కారణమున్నది. పటములో కనబడునది గీతలే అయినను, ఫైలులో ఉన్నది గీతలు మాత్రము కాదు. ఇది ఫలానా కంపెనీవారి ఫలానా ముక్క, దీని ఈ కొన ఆ ముక్కకు అతికినది, ఇచ్చట బండి రెండు దారులలో దేనినైనను పట్టవచ్చును, ఈ చోటు ఇంత ఎత్తున ఉన్నది అను సమాచారమంతయు అందులో ఉండును. అవతలి ప్రోగ్రాము జాబితాలో ఆ ముక్కయే లేనియెడల ఈ సమాచారమునకు అర్థము లేదు.

ఈ ప్రోగ్రాములలో కొన్ని ఆశ్రయించిన మధ్యవర్తి డి.ఎక్స్.ఎఫ్. పద్ధతి. దీనిని ఆటోడెస్క్ సంస్థ 1982లో తన ఆటోక్యాడ్ ప్రోగ్రాముతో పాటు తెచ్చినది. ఇది మామూలు అక్షరములలో వ్రాయదగిన ఫైలు. ఇందులో ప్రతి విషయమునకు రెండు పంక్తులు: మొదటిది సంకేతపు అంకె, రెండవది విలువ. వృత్తఖండమును చెప్పవలెనన్న 10, 20 అంకెల క్రింద కేంద్రస్థానము, 40 క్రింద వ్యాసార్ధము, 50, 51 క్రింద ఆరంభ, అంత్య కోణములు వ్రాయుదురు. ఇంత సులభమైనది గనుకనే ఇది లోకమంతట వ్యాపించినది.

అయితే దీనికి గీత తెలియును గాని పట్టా తెలియదు. దారి మార్చు పాయింటు ఇందులో ఒక సరళరేఖ, ఒక వృత్తఖండము మాత్రమే. కొలత అంగుళములలోనా, మిల్లీమీటర్లలోనా అన్నది కూడ చాల ఫైళ్లలో స్పష్టముగా ఉండదు. అంగుళములను మిల్లీమీటర్లుగా చదివినచో పాకాల యార్డు 25.4 రెట్లు కుదించుకొనిపోవును. వ్యాగను మార్చిన బస్తానుండి గింజలు రాలినట్లు, ఫైలు మార్చిన పటమునుండి అర్థము రాలిపోవుచున్నది.

నిజమైన రైల్వేలు సైతము ఈ బాధను ఎరుగును. పట్టాలు, బండ్లు, కాలపట్టికల సమాచారమును భిన్న సంస్థల ప్రోగ్రాములు పంచుకొనుటకై 2002లో యూరపులో రైల్‌ఎంఎల్ అను ఉమ్మడి పద్ధతికి ప్రయత్నము మొదలైనది. దానిలో ముఖ్యమైన భావము, ఆకారము కంటె సంబంధమును ముందుగా చెప్పుట. అనగా ఏ పట్టా ఏ పట్టాతో కలియుచున్నది, ఎచ్చటినుండి ఎచ్చటికి బండి పోగలదు అన్నదే మూలము. గీత దాని తరువాతిది.

నమూనాలవారు ఇంకను అట్టి ఏకాభిప్రాయమునకు రాలేదు. అంతవరకు జాగ్రత్తపరులు చేయదగిన పనులు కొన్ని కలవు. పటమును సొంత ఫైలుతో పాటు డి.ఎక్స్.ఎఫ్. రూపమునను దాచవలెను. ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ వలె ఫైలును చదువదగిన అక్షరములలో వ్రాయు ప్రోగ్రాములకు విలువ ఇయ్యవలెను. ప్రోగ్రాము మూతపడినను అట్టి ఫైలును మనుష్యుడు చదువగలడు. వాడిన ముక్కల జాబితాను, కొలతను, కొలత ప్రమాణమును విడిగా వ్రాసి ఉంచవలెను. చివరకు కాగితముపై ఒక ప్రతి తీసి ఉంచుటయు మంచిది.

ఇది కాలక్షేపపు ముచ్చట మాత్రమే కాదు. పాకాలలో మీటరుగేజి బండ్లు ఏ పట్టాపై నిలిచెడివో, ధర్మవరపు మార్గము ఎచ్చట చీలెడిదో ఎరిగిన పాత ఉద్యోగుల మాటలనుబట్టి ఎవరైన పటము గీసి ఉంచినచో, అది జిల్లా చరిత్రలో ఒక పుట. పట్టాలను గేజి మార్పు తీసికొనిపోయినది. పటము కూడ తెరుచుకొనని ఫైలులో చిక్కుకొన్నచో ఆ మార్గము రెండవసారి పోయినట్లే. రెండు గేజిల నడుమ వంతెన వేయుటకు మన దేశమునకు నూరేండ్లకు పైగా పట్టినది. రెండు ఫైళ్ల నడుమ వంతెనకు ఇనుము అక్కరలేదు, ముందుగా ఒక ఒప్పందము చాలును.