ఖజానా తాళం కోసం పదేళ్లు

సెనెగల్ రాజధాని డకార్‌ను ఆనుకుని రుఫిస్క్ అనే పాత రేవు పట్నం ఉంది. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో వేరుశనగ ఎగుమతితో కళకళలాడిన ఊరది. తరవాత వ్యాపారం డకార్‌కు తరలిపోయింది. సముద్రం మాత్రం ఊళ్లోకి వచ్చింది. తియావ్‌లెన్ పేటలో ఇళ్ల గోడలు కూలాయి, శ్మశానంలో సమాధులు కోతకు గురయ్యాయి. ఆ తీరంతో పాటు సాలీ, జోవాల్ అనే మరో రెండు తీరపు ఊళ్లను కాపాడటానికి 2010 సెప్టెంబరులో 86 లక్షల డాలర్లు మంజూరయ్యాయి. ఇచ్చింది అడాప్టేషన్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి. అప్పు కాదు, పూర్తిగా గ్రాంటు.

అంతర్జాతీయ సాయంలో 86 లక్షల డాలర్లు పెద్ద మొత్తమేమీ కాదు. అయినా వాతావరణ నిధుల చరిత్రలో ఇది మైలురాయి. అంతకుముందు ఇలాంటి డబ్బు పేద దేశానికి రావాలంటే ప్రపంచ బ్యాంకో, ఐక్యరాజ్యసమితి సంస్థో మధ్యలో ఉండాలి. ప్రాజెక్టు కాగితం వాళ్లు రాయాలి, లెక్కలు వాళ్లు చూడాలి, వాళ్ల రుసుము వాళ్లు తీసుకోవాలి. సెనెగల్ విషయంలో ఆ బాధ్యతంతా డకార్‌లోని సొంత జాతీయ సంస్థదే. దాని పేరు సాంత్ర్ ద స్వీవీ ఎకొలొజిక్, అంటే పర్యావరణ పర్యవేక్షణ కేంద్రం. ఇలా నేరుగా నిధి అందుకునే వీలును ‘డైరెక్ట్ యాక్సెస్’ అంటారు. ఇంత చిన్న మార్పు కోసం పేద దేశాలు ఎన్నేళ్లు పట్టుబట్టాయో తెలుసుకుంటే, నేటి వాతావరణ సదస్సుల్లో డబ్బు మాట రాగానే గొంతులు ఎందుకు లేస్తాయో అర్థమవుతుంది.

కథ 1991లో మొదలవుతుంది. వాతావరణ ఒప్పందం ఇంకా చర్చల్లో ఉండగానే పసిఫిక్‌లోని వనువాటు చిన్న ద్వీప దేశాల కూటమి తరఫున ఒక ప్రతిపాదన పెట్టింది. సముద్రమట్టం పెరిగి నష్టపోయే దేశాలకు పరిహారం ఇవ్వడానికి అంతర్జాతీయ బీమా నిధి ఉండాలని, దానికి సొమ్ము సంపన్న దేశాలు కట్టాలని అడిగింది. ఎవరూ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది కుదిరిన ఒప్పందంలో 4వ అధికరణం కింద ఒక వాక్యం మాత్రం చేరింది. ముప్పు ఎక్కువగా ఉన్న వర్ధమాన దేశాలకు, మారిన వాతావరణాన్ని తట్టుకునే ఖర్చులో సంపన్న దేశాలు సాయపడాలి అన్నది దాని సారాంశం. ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో, ఎవరి ద్వారా ఇవ్వాలో అందులో లేదు. ముప్పై ఏళ్లుగా సాగుతున్న తగువంతా ఆ మూడు ప్రశ్నలదే.

1997 డిసెంబరులో జపాన్‌లోని క్యోటోలో జరిగిన వాతావరణ సదస్సులో కొంత కదలిక వచ్చింది. కర్బన ఉద్గారాల లక్ష్యం తప్పిన సంపన్న దేశాల నుంచి జరిమానా వసూలు చేసి, ఆ సొమ్ముతో ఒక నిధి పెడదామని బ్రెజిల్ అంతకు కొన్ని నెలల ముందే ప్రతిపాదించింది. బేరసారాల్లో జరిమానా మాయమైంది. దాని స్థానంలో క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం, పొట్టిగా సీడీఎం, వచ్చి కూర్చుంది. వర్ధమాన దేశంలో ఒక ప్రాజెక్టు కర్బన ఉద్గారాలను తగ్గిస్తే టన్నుకొక క్రెడిట్ చొప్పున ఇస్తారు. సంపన్న దేశాలు వాటిని కొనుక్కుని తమ లక్ష్యంలో జమ చేసుకోవచ్చు. ఆ రాబడిలో కొంత వాటాను ముప్పులో ఉన్న దేశాలకు కేటాయించాలని కూడా క్యోటో ఒప్పందంలోనే రాశారు. 2001లో మరాకేష్ సమావేశం ఆ వాటాను 2 శాతంగా ఖాయం చేసి, అడాప్టేషన్ ఫండ్‌కు పేరు పెట్టింది. లక్ష క్రెడిట్లు పుడితే రెండు వేలు ఫండ్ ఖాతాలో పడతాయి. అత్యంత వెనకబడిన దేశాల ప్రాజెక్టులకు ఈ కోత లేదు.

ఇక్కడ తెలుగువాళ్లకూ సంబంధం ఉంది. సీడీఎం క్రెడిట్లు ఎక్కువగా వచ్చింది చైనా, భారత్‌ల నుంచే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊకతో, పంట వ్యర్థాలతో, చెరకు పిప్పితో కరెంటు తీసే చిన్న ప్లాంట్లు చాలానే ఈ పథకంలో నమోదయ్యాయి. ఆ క్రెడిట్లలో నూటికి రెండు చొప్పున ప్రపంచ నిధిలో చేరాయి. అడాప్టేషన్ ఫండ్ తొలి సంపాదన దాతల చందా కాదు, వర్ధమాన దేశాల ప్రాజెక్టుల నుంచి తీసిన వాటా. ఫండ్‌ను దానంగా వర్ణించేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

పేరు పెట్టారు, వాటా తేల్చారు. పెత్తనం ఎవరిదో తేలక ఆరేళ్లు గడిచాయి. అప్పటిదాకా వాతావరణ డబ్బు చూసే సంస్థ గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ. దాని పాలకమండలిలో వర్ధమాన దేశాలకు 16 స్థానాలున్నాయి. అయితే ఓటింగుదాకా వస్తే దేశాల్లో 60 శాతంతో పాటు, మొత్తం చందాల్లో 60 శాతం ఇచ్చిన దాతలు కూడా ఒప్పుకోవాలి. దాతలకు ఇష్టం లేనిదేదీ నెగ్గదు. పైగా ప్రాజెక్టులన్నీ ప్రపంచ బ్యాంకు, యూఎన్‌డీపీ వంటి సంస్థల ద్వారానే నడవాలి. కొత్త నిధినీ ఈ సంస్థకే అప్పగించాలని సంపన్న దేశాలు, కుదరదని వర్ధమాన దేశాల కూటమి జీ-77 పట్టుబట్టాయి.

2007 డిసెంబరులో బాలి సదస్సు జరిగింది. అమెరికా అడ్డుపడటం, నాయకత్వం వహించలేకపోతే దారిలోంచి తప్పుకోమని పాపువా న్యూ గినీ ప్రతినిధి అమెరికాను నిలదీయడం, చివరికి అమెరికా దిగిరావడం వంటి ఘట్టాలే పత్రికల పతాక శీర్షికలయ్యాయి. అదే సదస్సులో అంతగా ఎవరి కంటా పడకుండా అడాప్టేషన్ ఫండ్ బోర్డు పుట్టింది. నా దృష్టిలో బాలిలో పేద దేశాలు సాధించిన గట్టి విజయం అదే. బోర్డులో 16 మంది సభ్యులు. ఐదు ప్రపంచ ప్రాంతాల నుంచి ఇద్దరేసి, చిన్న ద్వీప దేశాలకు ఒకరు, వెనకబడిన దేశాలకు ఒకరు, మిగతా నలుగురిలో సంపన్న, వర్ధమాన దేశాలకు చెరిసగం. లెక్క చూస్తే మెజారిటీ వర్ధమాన దేశాలదే. ఏకాభిప్రాయం కుదరకపోతే మూడింట రెండొంతుల ఓట్లతో నిర్ణయం. డాలర్లను బట్టి కాదు, మనిషికొక ఓటు. రాజీగా సచివాలయం పని గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీకి, ఖజానా కాపలా ప్రపంచ బ్యాంకుకు తాత్కాలికంగా అప్పగించారు. తాళంచెవి మాత్రం బోర్డు దగ్గరే. క్యోటో నుంచి అక్కడికి సరిగ్గా పదేళ్లు.

2008 మార్చిలో బాన్‌లో బోర్డు తొలిసారి కూర్చుంది. టాంజానియాకు చెందిన రిచర్డ్ ముయుంగి తొలి అధ్యక్షుడు. వెంటనే ఒక చిక్కు ఎదురైంది. చట్టం దృష్టిలో బోర్డుకు ఉనికి లేదు. ఒక దేశపు సంస్థతో నేరుగా ఒప్పందం మీద సంతకం పెట్టాలంటే చట్టబద్ధమైన వ్యక్తిత్వం ఉండాలి. బార్బడోస్, జర్మనీ ముందుకొచ్చాయి. బోర్డు జర్మనీని ఎంచుకుంది. అక్కడి పార్లమెంటు చట్టం చేసి 2011లో ఆ హోదా ఇచ్చింది.

రెండో చిక్కు దేశాల వైపు నుంచి. తలుపు తెరిచినంత మాత్రాన ఎవరుపడితే వాళ్లు లోపలికి వెళ్లలేరు. దేశం తన సంస్థను నామినేట్ చేయాలి. ఆ సంస్థ ఆడిట్ అయిన ఖాతాలు చూపించాలి. టెండర్ల విధానం, అంతర్గత తనిఖీ, అవినీతి ఫిర్యాదులు వస్తే విచారించే పద్ధతి, పెద్ద ప్రాజెక్టులు నడిపిన అనుభవం, అన్నిటికీ కాగితం రుజువులు కావాలి. నిపుణుల బృందం ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంది. అర్హత వచ్చాక కూడా ఐదేళ్లకోసారి మళ్లీ పరీక్షే. ప్రజల సొమ్ముకు ఈమాత్రం కట్టుదిట్టం ఉండాల్సిందే. కానీ పట్టుమని పదిమంది అకౌంటెంట్లు లేని ద్వీప దేశపు శాఖకు ఇది తలకు మించిన పని. 2010 మార్చిలో సెనెగల్ సంస్థ ప్రపంచంలోనే మొదటగా ఆ పరీక్ష నెగ్గింది. అదే ఏడాది జమైకా, ఉరుగ్వే సంస్థలు ఆ జాబితాలో చేరాయి. ఐక్యరాజ్యసమితి సంస్థలు అప్పటికే కాగితాలతో సిద్ధంగా ఉంటాయి గనక నిధంతా వాటి ద్వారానే ఖర్చయిపోతుందని భయపడి, అంతర్జాతీయ సంస్థలకు వెళ్లే వాటా సగం మించకూడదని బోర్డు 2010 డిసెంబరులో కట్టడి పెట్టింది. ముందుచూపున్న నిర్ణయం.

సెనెగల్ ఏం చేసిందో చూడండి. రుఫిస్క్‌లో రక్షణ గోడ లేచింది. సాలీలో జాలర్ల రేవుకు పనులు జరిగాయి. జోవాల్‌లో ఉప్పునీరు వరిపొలాల్లోకి ఎక్కకుండా కట్ట వేశారు. జోవాల్ పనుల అమలు బాధ్యత డైనమిక్ ఫామ్ అనే మహిళా సంఘం చేతిలో పెట్టారు. వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్లకు ఆ సంఘం పేరు తట్టేది కాదు, డకార్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. డైరెక్ట్ యాక్సెస్ వల్ల డబ్బు మిగలడం ఒక లాభమైతే, పని ఎవరికి అప్పగించాలో తెలిసినవాళ్ల చేతికి డబ్బు రావడం అంతకన్నా పెద్ద లాభం. తరవాత ఆ సెనెగల్ సంస్థే పొరుగు ఆఫ్రికా దేశాలకు దరఖాస్తు ఎలా రాయాలో, లోటుపాట్లు ఎలా దిద్దుకోవాలో నేర్పింది. ఒక పేద దేశం మరో పేద దేశానికి చేయందించే ఈ పనికి 2014 నుంచి ఫండ్ విడిగా గ్రాంట్లు ఇస్తోంది. కన్సల్టెంట్ల నివేదికల కన్నా ఇది ఎన్నో రెట్లు నయం.

ఇంతలో ఖజానాయే ఎండిపోయింది. 2008 మధ్యలో 20 యూరోలు దాటిన కార్బన్ క్రెడిట్ 2012 చివరికి ఒక్క యూరో కూడా పలకలేదు. ఐరోపాలో ఆర్థిక మాంద్యం, మార్కెట్లో అవసరానికి మించిన క్రెడిట్లు, కొత్త క్రెడిట్ల కొనుగోలుపై ఐరోపా ఆంక్షలు, అన్నీ కలిసి ధరను కూల్చాయి. ఎవరి దయా అక్కర్లేకుండా రాబడి వస్తుందనుకున్న నిధి 2013లో వార్సా సదస్సులో దేశాల ముందు జోలె పట్టాల్సి వచ్చింది. అప్పుడు పది కోట్ల డాలర్ల హామీలు కూడబెట్టారు. ఏటా అదే తంతు. 2021లో గ్లాస్గోలో 35.6 కోట్ల డాలర్ల హామీలు వచ్చాయి. 2024లో బాకులో 30 కోట్ల లక్ష్యంలో సగానికి కూడా చేరలేదు. పారిస్ ఒప్పందం కింద రాబోయే కొత్త కార్బన్ మార్కెట్ నుంచి 5 శాతం వాటా ఇవ్వాలని గ్లాస్గోలోనే నిర్ణయించారు. బ్రెజిల్ నాడు అడిగింది జరిమానా. దాన్ని మార్కెట్‌కు కట్టేయడం వల్ల కలిగిన నష్టం ఎంతటిదో ఈ లెక్కలే చెబుతాయి.

భారత్ తరఫున ఈ ఫండ్‌లో అర్హత పొందింది నాబార్డ్, 2012లో. కేంద్ర పర్యావరణ శాఖ నామినేట్ చేయగా ఆ అర్హత వచ్చింది. అప్పట్లో ఏ దేశానికైనా గరిష్ఠ పరిమితి కోటి డాలర్లు. మాల్దీవులకూ అంతే, వంద కోట్లు దాటిన జనాభా గల మనకూ అంతే. ఆ పరిమితిలోనే నాబార్డ్ ప్రాజెక్టులు తెచ్చుకుంది. వాటిలో ఒకటి మన కృష్ణా జిల్లాకు వచ్చింది. 2014లో మంజూరైన ఆ ప్రాజెక్టు విలువ దాదాపు 6.9 లక్షల డాలర్లు. క్షేత్రంలో అమలు చేసింది ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ.

1977 నవంబరు 19న అదే జిల్లాలోని దివిసీమను ముంచిన ఉప్పెన తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. అధికారిక లెక్కల్లోనే పదివేల మందికి పైగా పోయారు. నాగాయలంక వైపు సొర్లగొంది, నాలి వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మడ అడవి దట్టంగా ఉన్నచోట అల జోరు తగ్గుతుందని ఆ తీరంలో పెద్దలందరికీ తెలుసు. ఈ ప్రాజెక్టు ఆ ఎరుక మీదే నిలబడింది. ఆటుపోట్ల నీరు లోపలికి పారేలా కాల్వలు తీసి, చెడిపోయిన మడ నేలల్లో మొక్కలు నాటడం ఒక పని. చెరువు గట్ల మీద మడ మొక్కలు, ఉప్పును తట్టుకునే మొక్కలు పెంచుతూ, చెరువులో ఆటుపోటు నీటితోనే చేపలు, పీతలు, రొయ్యలు పెంచడం రెండో పని. మడను నరికి ఆక్వా చెరువు తవ్వడమే బతుకుదెరువైన చోట, మడను ఉంచుకుంటూనే చెరువు చేయొచ్చని చూపించడం చిన్న విషయం కాదు.

మొత్తం అవసరం ముందు ఇదంతా ఆవగింజే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2025 నివేదిక ప్రకారం, 2035 నాటికి వర్ధమాన దేశాలకు మారిన వాతావరణాన్ని తట్టుకునే పనుల కోసం ఏటా కనీసం 31,000 కోట్ల డాలర్లు కావాలి. 2023లో సంపన్న ప్రభుత్వాల నుంచి అందింది 2,600 కోట్లు. వాతావరణ పనులన్నిటికీ కలిపి 2020 నుంచి ఏటా ఇస్తామని 2009లో కోపెన్‌హాగన్‌లో చెప్పిన 10,000 కోట్ల డాలర్ల లక్ష్యాన్ని అందుకున్నది 2022లో. ఆ ఏడాది వాతావరణం పేరిట వచ్చిన ప్రభుత్వ సొమ్ములో మూడింట రెండొంతులకు పైగా అప్పులే. కరెంటు ప్లాంటుకు అప్పు తెస్తే కరెంటు అమ్మి తీర్చొచ్చు. కరకట్టకు తెచ్చిన అప్పు దేంతో తీరుస్తాం? తుపాను రాని ఏడాది దానికి రాబడి సున్నా. అందుకే గ్రాంటు అడగడం న్యాయం.

2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలేమ్‌లో జరిగిన సదస్సు, మారిన వాతావరణాన్ని తట్టుకునేందుకు ఇచ్చే సాయాన్ని 2035 కల్లా మూడింతలు చేసేందుకు కృషి జరగాలని పిలుపునిచ్చింది. పదేళ్ల గడువు మరీ దూరం. ఆ సొమ్ము ఏ రూపంలో, ఎవరి చేతికి వస్తుందో కూడా ఇంకా తేలలేదు. ప్రతి సదస్సులోనూ భారత్ గట్టిగా అడగాల్సింది ఆ రెండూ. ఇక ఇంటి దగ్గర మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. వాతావరణ మార్పుపై ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ కార్యాచరణ ప్రణాళికలున్నాయి. వాటిలో మీ మండలానికి ఏం రాశారో, ఏ పనికి ఏ నిధికి దరఖాస్తు పెట్టారో తెలుసుకోండి. గ్రామసభలో అడగండి, ఎమ్మెల్యేను అడగండి, అవసరమైతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.