ర్యాక్ సర్వర్ వెనుక పలక: పోర్టుల చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ల పరిణామాన్ని వివరించేటప్పుడు ప్రాసెసర్ వేగం, మెమరీ పరిమాణం కొలమానాలు కావడం పరిపాటి. యంత్రం బయటి ప్రపంచంతో కలిసే వెనుక పలక మాత్రం సాంకేతిక కరదీపికలకే పరిమితమవుతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడా వర్తిస్తుంది. ఆ పలక మీది సంధులు ఒక్కొక్కటి ఒక్కొక్క కాలానికి చెందినవి.

2017లో విపణిలోకి వచ్చిన డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్740ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని వెనుక ఒక సీరియల్ పోర్టు, ఒక విజిఎ పోర్టు, రెండు యుఎస్‌బి పోర్టులు, నిర్వహణకే కేటాయించిన ఒక నెట్‌వర్క్ పోర్టు, సాధారణ నెట్‌వర్క్ పోర్టులు, అదనపు కార్డుల అరలు, రెండు విద్యుత్ సరఫరా యూనిట్లు ఉంటాయి. సర్వర్ నిత్యం సేవలందించేది సాధారణ నెట్‌వర్క్ పోర్టుల ద్వారానే. అటువంటప్పుడు దశాబ్దాల నాటి సంధులు ఎందుకు నిలిచాయి? అలవాటు కొద్దీ మిగిలాయన్న సమాధానం చాలదు. యంత్రం మొండికేసినప్పుడు దానిని పలకరించడానికి వేరొక దారి కావాలి. ఆ అవసరమే వాటిని నిలిపిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ దారి ఎవరి అధీనంలో ఉందన్నది అంతకన్నా కీలకమైన ప్రశ్న.

2. టెలిఫోన్ వారసత్వం

సర్వర్‌ను మోసే చట్రమే కంప్యూటర్ కన్నా పాతది. అమెరికాలో దూర టెలిఫోన్ సంకేతాలను బలపరిచే రిపీటర్లను 1914 నుంచి అరల మీద, చెక్క పెట్టెలలో తోచిన రీతిలో అమర్చేవారు. టెలిఫోన్ కార్యాలయాలలో స్థలాభావం పెరగగా, 1922 ప్రాంతంలో ఏటీ అండ్ టీ సంస్థ 19 అంగుళాల చట్రాన్ని స్థిరపరచింది. పలక ఎత్తు 1.75 అంగుళాలకు గుణిజంగా ఉండాలన్న నియమమూ ఆ కాలానిదే. నేడు 'యు' అని వ్యవహరించే 44.45 మి.మీ. ప్రమాణం అదే. ఆర్740 రెండు 'యు'ల యంత్రం. 88.9 మి.మీ. స్థలంలో అది 86.8 మి.మీ. మాత్రమే ఆక్రమిస్తుంది, మిగిలిన రెండు మి.మీ. పైచిలుకు సందు పొరుగు యంత్రాన్ని రాసుకోకుండా బయటకు లాగడానికి ఉపకరిస్తుంది.

3. సీరియల్ సంధి

సీరియల్ పోర్టుకు మూలమైన ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో వెలువడింది. టెలిప్రింటర్ వంటి యంత్రాన్ని మోడెంతో కలపడం దాని ఉద్దేశం. అందువల్ల అది యంత్రాలను రెండు జాతులుగా విభజించింది: సమాచారాన్ని పంపి, స్వీకరించే టెర్మినల్ ఒకటి, దానిని టెలిఫోన్ తీగపైకి ఎక్కించే మోడెం మరొకటి. ఏ పిన్నుపై పంపాలి, ఏ పిన్నుపై అందుకోవాలి అన్నది ఈ జాతిభేదాన్ని బట్టే నిర్ణయమైంది. తొలుత 25 పిన్నులతో వాడుకలో ఉన్న సంధి, 1984 నాటి ఐబిఎం పిసి/ఏటీతో 9 పిన్నులకు కుదించుకుపోయింది. ఆర్740 వెనుక ఉన్నది ఆ తొమ్మిది పిన్నులదే.

విశేషమేమంటే, సర్వర్ ఇప్పటికీ తనను టెర్మినల్‌గానే పరిగణించుకుంటుంది. తనిఖీకి వచ్చిన సాంకేతికుని ల్యాప్‌టాప్ కూడా టెర్మినలే. రెండు టెర్మినళ్లను నేరుగా కలిపితే రెండూ ఒకే తీగపై పలుకుతాయి, ఒకే తీగపై వింటాయి; సంభాషణ సాగదు. పంపే తీగను, అందుకునే తీగను తారుమారు చేసిన 'నల్ మోడెం' కేబుల్ అందుకే అవసరమవుతుంది. ఇద్దరి మధ్యనుండి తొలగిపోయిన మోడెం ఆ కేబుల్ పేరులో మాత్రం మిగిలింది. ఇంతకూ ఈ పోర్టు విలువ దాని నిరాడంబరతలోనే ఉంది: నెట్‌వర్క్ మేల్కొనక ముందు, వ్యవస్థ కూలిపోతున్న క్షణంలో, ఆపరేటింగ్ సిస్టమ్ తుది సందేశాలు ఈ తీగ గుండా వెలుపలికి రాగలవు.

1987లో ఐబిఎం పిఎస్/2తో వచ్చిన విజిఎ పోర్టుదీ ఇంచుమించు ఇదే కథ. ఆర్740లో దానికి బొమ్మను అందించేది 1998 నాటి మాట్రాక్స్ జి200 వంశానికి చెందిన చిత్రభాగం. తెర మీద దోష సందేశం చదవడానికి అంతకు మించిన సామర్థ్యం అక్కరలేదు.

4. నిర్వహణ పోర్టు

సాంకేతికుడు యంత్రం వద్దకు రాకుండానే దానిని చక్కదిద్దాలన్న కోరిక నిర్వహణ పోర్టుకు దారితీసింది. 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పి, ఎన్‌ఇసి సంస్థలు ఐపిఎంఐ ప్రమాణాన్ని వెలువరించాయి. దీని ప్రకారం సర్వర్ లోపల మరొక చిన్న కంప్యూటర్ ఉంటుంది. సర్వర్‌ను ఆపివేసినా, విద్యుత్ కేబుల్ తగిలించి ఉన్నంతకాలం అది మేల్కొనే ఉంటుంది. దాని ద్వారా సర్వర్‌ను దూరం నుంచే ఆపవచ్చు, తిరిగి నడపవచ్చు. ఆర్740 వంటి యంత్రాలలోనైతే తెరను చూడవచ్చు, ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చివేయవచ్చు. ఇంతటి అధికారం గల పోర్టు ఆకృతిలో పక్కనున్న నెట్‌వర్క్ పోర్టును పోలి ఉంటుంది. పక్కన ముద్రించిన చిన్న గుర్తే ఆనవాలు.

2004లో వచ్చిన ఐపిఎంఐ 2.0లో ఒక మౌలిక లోపం ఉంది. ప్రవేశం కోరిన వ్యక్తి ఎవరో రుజువు కాకముందే, సంకేతపదం నుంచి రూపొందించిన హాష్ విలువను అది పంపించివేస్తుంది. దానిని దగ్గర ఉంచుకొని సంకేతపదాన్ని తీరికగా ఊహించవచ్చు. లోపం ప్రమాణంలోనే ఉన్నందున ఏ ఒక్క తయారీదారూ దానిని పూర్తిగా సరిదిద్దలేడు. 2013లో భద్రతా పరిశోధకుడు డాన్ ఫార్మర్ ఐపిఎంఐ బలహీనతలను వెల్లడించాడు. ఆ ఏడాది జులైలో అమెరికా ప్రభుత్వ విభాగం యుఎస్-సెర్ట్ ఈ మార్గాన్ని అంతర్గత నెట్‌వర్క్‌కే పరిమితం చేయాలని హెచ్చరించింది. దొడ్డిదారి తలుపును రాజవీధి వైపు తెరవరాదన్నదే దాని సారాంశం.

అయితే వెనుక పలకను కంటితో చూసి మాత్రమే ఈ జాగ్రత్త తీసుకోవడం కుదరదు. కొన్ని సర్వర్లలో నిర్వహణ పోర్టుకు కేబుల్ తగిలించకపోతే ఆ చిన్న కంప్యూటర్ మొదటి సాధారణ నెట్‌వర్క్ పోర్టును పంచుకుంటుంది. ఖాళీగా కనిపించే రంధ్రం మూసిన తలుపు కాదు. విద్యుత్ సంధుల విషయంలోనూ ఇటువంటి భ్రమే ఉంది: రెండు సరఫరా యూనిట్ల కేబుళ్లను ఒకే విద్యుత్ మార్గానికి తగిలిస్తే, ఆ మార్గం తెగినప్పుడు రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

సీరియల్ పోర్టుకు ఒక సహజ రక్షణ ఉండేది. దానిని ఉపయోగించదలచినవారు కేబుల్ చేతబట్టి, సర్వర్ల వేడిగాలి వీచే ఆ వెనుక నడవలో స్వయంగా నిలబడవలసిందే. ఐపిఎంఐ 2.0 ఆ రక్షణనూ సడలించింది. 'సీరియల్ ఓవర్ లాన్' అనే అంశం ద్వారా, 1960 నాటి తీగ మీద నడిచిన అక్షరాలే ఇప్పుడు నిర్వహణ పోర్టు గుండా ప్రయాణిస్తున్నాయి. వాటిని చదివే వ్యక్తి ఆ గదిలో ఉండనవసరం లేదు.