పది నిమిషాల కోసం పుట్టిన హక్కు

చోడవరం పక్కన గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైతే చెరకు బళ్లూ ట్రాక్టర్లూ బారులు తీరేవి. లోపల సీజన్ కార్మికులుండేవారు. ఏడాదిలో కొన్ని నెలలే పని దొరికే మనిషి ఒంటరిగా ఏం బేరమాడగలడు? నలుగురూ కలిసి అడిగితేనే మాట చెల్లుతుంది. అలా అడగడానికి చట్టం రక్షణ దొరికి వందేళ్లే అయింది.

అప్పట్లో చోడవరం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1918లో మద్రాసు పెరంబూరులోని బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల్లో మధ్యాహ్న భోజనానికి అరగంటే విరామం. వేలమంది ఒక్కసారిగా బయటికొచ్చి, చేతులు కడుక్కుని, నాలుగు ముద్దలు మింగి మళ్లీ లోపలికి పరుగెత్తాలి. వాళ్ల గోడు విన్న బట్టల వ్యాపారి సెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుడు కలిసి హోంరూల్ నాయకుడు బి.పి. వాడియాను పిలుచుకొచ్చారు. ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. అరగంటను 40 నిమిషాలు చేయమన్న కోరిక నెరవేరింది.

తర్వాత గొడవలు ముదిరాయి. యాజమాన్యం హైకోర్టుకెళ్లి వాడియా మీద ఇంజంక్షన్ తెచ్చింది. కార్మికుల తరఫున మాట్లాడితే దావా పడుతుందని దేశమంతటికీ అర్థమైంది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఘట్టం ఇదే. 1921లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో చట్టం కావాలని తీర్మానం పెట్టారు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏడుగురు చేరితే యూనియన్ రిజిస్టర్ చేయించుకోగలిగేవారు. రిజిస్టరైన యూనియన్ మీద, సమ్మె చేయించిందని దావా వేయడం ఇక కుదరలేదు. మరుసటి ఏడాది మన వి.వి. గిరి జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు.

1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన, 23వ అధికరణంలో, యూనియన్ పెట్టుకోవడం ప్రతి మనిషి హక్కు అంది. మన రాజ్యాంగం 19(1)(సి) సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛనిచ్చింది. అయినా సంఘ స్వేచ్ఛ, సామూహిక బేరాలకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒడంబడికలను భారత్ ఆమోదించలేదు. ప్రభుత్వోద్యోగులకు ఆ హక్కులివ్వలేమన్నది ఢిల్లీ చెప్పే కారణం. ఆ సంస్థ వ్యవస్థాపక సభ్యదేశం ఇలా చేయడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు చోడవరం ప్రాంతంలోనే ఉన్న అచ్యుతాపురం సెజ్‌లో విదేశీ బ్రాండ్లకు దుస్తులు కుడుతున్నారు. కుట్టేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ధర తేల్చేవాడు సముద్రం అవతల ఉంటాడు, అతనితో బేరమాడే దారి వీళ్లకు లేదు. ఏడుగురు చాలన్న చట్టాన్ని 2001లో సవరించారు. ఇప్పుడు అక్కడి కార్మికుల్లో పదిశాతం మందో, వందమందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసివ్వాలి. కంపెనీ బస్సులో వచ్చి అదే బస్సులో ఊరికి తిరిగెళ్లే అమ్మాయి, ఆ వందమందినీ ఎక్కడ కలుసుకోవాలి?